క్లియరెన్స్ ఫారంలో మందు ప్రశ్న

పోయిన చలికాలం వర్జీనియాలోని యాష్‌బర్న్‌లో ఒక గృహప్రవేశానికి వెళ్ళాం. బేస్‌మెంట్‌లో ఎప్పుడూ అందరికంటే ముందు గ్లాసు అందుకునే మావాడు ఒకడు ఆరోజు కోక్ టిన్ను పట్టుకుని మూలన నిలబడ్డాడు. ఏంట్రా మాల వేసుకున్నావా అంటే, కాదురా బాబూ ఎస్ఎఫ్-86 నింపుతున్నా అన్నాడు, అంటే సెక్యూరిటీ క్లియరెన్స్ ఫారం.

అంతే, ఆ మాటతో బేస్‌మెంట్ అంతా లాయర్లైపోయారు. ఒకాయన లైఫ్‌లో ఒక్క డీయూఐ, అంటే తాగి బండి నడిపిన కేసు, ఉన్నా క్లియరెన్స్ మర్చిపోవాల్సిందే అన్నాడు. ఇంకొకాయన చెవిలో చెప్పినట్టు, మందు ఎక్కువైందని ఏ కౌన్సిలర్ దగ్గరికీ వెళ్ళకు, వెళ్తే అది ఫారంలో రాయాల్సొస్తుంది, వెళ్ళకపోతే రాసేదే ఉండదు అన్నాడు. మూడో ఆయన నా కేసు మేరీలాండ్ కోర్టులో కన్విక్షన్, అంటే నేరం రుజువైందన్న తీర్పు, లేకుండా అయిపోయింది కాబట్టి రాయక్కర్లేదు అని ధీమాగా చెప్పేశాడు. ముగ్గురిదీ తప్పే. మొదటిది ఉత్త భయం, మూడోది తెలియక, కానీ రెండోది మాత్రం మనిషిని నిలువునా ముంచేస్తుంది, నేనిదంతా కూర్చుని టైప్ చేయడానికి అసలు కారణం ఆ రెండో సలహానే. నేను లాయర్ని కాదు, కానీ ఈ కేసుల తీర్పులు పేర్లు తీసేసి నెట్‌లో పెడతారు, నవలల్లాగా ఉంటాయి, అవి చదవడం నాకొక పిచ్చి అలవాటు.

తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. అమెరికా ప్రభుత్వం రహస్యాల్ని చూడనివ్వాలంటే ఆ మనిషికి సెక్యూరిటీ క్లియరెన్స్ ఉండాలి. కాన్ఫిడెన్షియల్, సీక్రెట్, టాప్ సీక్రెట్ అని మూడు మెట్లు. సుమారు 40 లక్షల మందికి ఉంటుంది, మిలిటరీ వాళ్ళు, ప్రభుత్వ ఉద్యోగులు, వాళ్ళకి పనిచేసిపెట్టే కాంట్రాక్టర్ కంపెనీల జనం. మనంతట మనం వెళ్ళి అప్లై చేసుకునేది కాదు, ఉద్యోగం ఇచ్చేవాళ్ళు స్పాన్సర్ చేయాలి, సిటిజన్ అయ్యుండాలి. అందుకే గ్రీన్ కార్డు లైన్‌లో ఉన్నంతకాలం మనవాళ్ళకి దీంతో పని పడదు, సిటిజన్‌షిప్ వచ్చాకో, లేదా ఇక్కడే పుట్టిన పిల్లలు ఇంజనీరింగ్ అయి వర్జీనియాలోనో ఫోర్ట్ మీడ్ దగ్గరో హంట్స్‌విల్‌లోనో, అంటే ఇలాంటి ప్రభుత్వ రక్షణ పనులుండే చోట్ల, ఉద్యోగం పట్టాకో ఈ ఫారం ఇంట్లోకి వస్తుంది. అప్పుడు నాన్నకి కూడా ఏం తెలీదు పాపం.

సరే, మనిషి ఇంట్లో కూర్చుని రెండు పెగ్గులేస్తే ప్రభుత్వానికేం బాధ? దీనికి అందరూ చెప్పే కథ ఆల్డ్రిచ్ ఏమ్స్‌ది. సీఐఏలో ఆఫీసర్, 1985లో సోవియట్ వాళ్ళకి అమ్ముడుపోయాడు, 1994 ఫిబ్రవరిలో గానీ పట్టుకోలేకపోయారు, ఈలోపు అతను పేర్లు అందించిన మనుషుల్లో కనీసం పదిమందిని అక్కడ చంపేశారు. దేశాన్ని అమ్మింది డబ్బు కోసమే, మందు కోసం కాదు. కానీ తర్వాత సెనేట్ కమిటీ కూర్చుని అతని చరిత్ర తవ్వితే ప్రతి పేజీలో సీసా కనిపించింది. మెక్సికో సిటీలో పనిచేసేటప్పుడు తాగి కారు యాక్సిడెంట్ చేసుకుని, సాయానికొచ్చిన ఎంబసీ ఆఫీసర్ని కూడా గుర్తుపట్టలేని స్థితిలో ఉన్నాడట. అక్కడి బాసు ఈయనకి కౌన్సిలింగ్ ఇప్పించండి అని హెడ్ ఆఫీసుకి రాశాడు, ఇప్పించారు కూడా, ఒక్కసారి, ఆ తర్వాత ఎలా ఉన్నావు నాయనా అని అడిగిన దిక్కులేదు. రోమ్‌కి వెళ్ళాక ఒక రిసెప్షన్‌లో గొడవపడి బయటికొచ్చి రోడ్డు మీద పడిపోయి, పొద్దున హాస్పిటల్లో లేచాడు. ఇంత జరిగినా అతని క్లియరెన్స్‌కి ఏమీ కాలేదు. అతను తాగుతున్నది అందరూ చూశారు, కానీ చూసింది ఎవరూ గట్టిగా పట్టించుకోలేదు. ఇప్పుడున్న రూల్స్‌లో పట్టింపు ఎక్కువగా అనిపిస్తే ఇలాంటి కథలు గుర్తు తెచ్చుకోవాలి.

ఇంకో కథ సుప్రీం కోర్టుది, దీన్ని లాయర్లు రోజూ వల్లిస్తారు గానీ అందులో మందు ఉందని చాలామందికి తెలీదు. థామస్ ఈగన్ అని వాషింగ్టన్ రాష్ట్రంలో నేవీ సబ్‌మెరీన్‌లు బాగుచేసే చోట కూలీగా చేరాడు. క్లియరెన్స్ ఇవ్వం అన్నారు. పాత క్రిమినల్ కేసులు, అప్లికేషన్లో కొన్ని చెప్పకపోవడం, వాటితో పాటు తనకి ఒకప్పుడు తాగుడు సమస్య ఉండేదని, శిక్షలో చివరి 28 రోజులు డీఅడిక్షన్ ప్రోగ్రాంలో గడిపానని తనే చెప్పుకున్న మాట. కేసు పైదాకా వెళ్ళింది. 1988లో సుప్రీం కోర్టు తేల్చింది ఏంటంటే, క్లియరెన్స్ ఎవరి హక్కూ కాదు, ఇవ్వాలా వద్దా అన్నది ప్రభుత్వం ఇష్టం, కోర్టులు అందులో వేలు పెట్టవు. ఇక్కడ మన బుర్ర ఒకసారి రివర్స్‌లో తిప్పుకోవాలి. క్రిమినల్ కోర్టులో అనుమానం ఉంటే లాభం ముద్దాయికి. ఇక్కడ అనుమానం ఉంటే లాభం ప్రభుత్వానికి, ఆ మాట రూల్స్‌లోనే రాసి ఉంది. నువ్వు తప్పు చేశావని వాళ్ళు నిరూపించేదాకా ఆగరు, నీ మీద నమ్మకం పెట్టుకోవచ్చని నువ్వు చూపించాలి. కోర్టులో కేసు కొట్టేశారు కదా అని గుండె మీద చెయ్యేసుకుని పడుకునేవాళ్ళు మిస్ అయ్యేది ఇక్కడే.

ఇప్పుడు రూల్స్. 2017 జూన్ 8 నుంచి అన్ని ఏజెన్సీలకీ ఒకటే రూల్‌బుక్, అందులో ఏ నుంచి ఎమ్ దాకా 13 గైడ్‌లైన్లు. అప్పులు, విదేశీ బంధువులు, డ్రగ్స్, ఇలా ఒక్కోదానికి ఒక్కో అక్షరం, మందుది జీ. చదివితే రెండు పేజీలు కూడా ఉండదు. మొదటి వాక్యంలోనే ఉద్దేశం చెప్పేస్తారు, అతిగా తాగితే మనిషి నిర్ణయాలు సరిగ్గా ఉండవు, తనని తను ఆపుకోలేడు, కాబట్టి నమ్మొచ్చా లేదా అన్న ప్రశ్న వస్తుంది అని. గమనించారా, తాగడం తప్పని ఎక్కడా లేదు. రోజూ రాత్రి ఒక గ్లాసు వైన్ తాగేవాడిని జీ ఏమీ అనదు.

మరి దేన్ని పట్టుకుంటుందంటే, ఆఫీసు బయట తాగి చేసిన పనులు, అంటే డీయూఐ, కొట్లాట, ఇంట్లో భార్య మీదో పిల్లల మీదో చెయ్యి చేసుకోవడం, ఇవి ఒకసారైనా పదిసార్లైనా లెక్కే. ఆఫీసుకి తాగి రావడం సరేసరి. ఆ తర్వాతది చాలామందికి తెలియనిది, ఏ పోలీసు కేసూ లేకపోయినా, ఏ డాక్టరూ జబ్బని చెప్పకపోయినా, అలవాటుగా లేదా ఒకేసారి ఒళ్ళు తెలీకుండా తాగడం. ఈ ఒకేసారి తాగడాన్ని వాళ్ళు బింజ్ అంటారు.

ఈ బింజ్ దగ్గర మనవాళ్ళ లెక్కకీ అమెరికా లెక్కకీ తేడా కొడుతుంది. అమెరికాలో ఒక డ్రింక్ అంటే 14 గ్రాముల ఆల్కహాల్, విస్కీ అయితే 44 ఎంఎల్. మగవాళ్ళకి సుమారు రెండు గంటల్లో అలాంటివి ఐదు, ఆడవాళ్ళకి నాలుగు, లేదా అంతకంటే ఎక్కువ పడితే బింజ్ అని అక్కడి ఆరోగ్య సంస్థల లెక్క. మనకి లార్జ్ అంటే 60 ఎంఎల్. అంటే మన లార్జ్ ఒక్కటి వాళ్ళ లెక్కలో ఒకటింపావు డ్రింక్ కంటే ఎక్కువే, మూడు లార్జ్‌లకి నాలుగు డ్రింకులైపోతాయి, నాలుగో లార్జ్‌తో బింజ్ గీత దాటేస్తాం. అది కూడా బార్‌లో కొలత పెట్టి పోస్తే. బేస్‌మెంట్‌లో అభిమానం కొద్దీ పోసే అన్నయ్య చేతికి కొలతెక్కడిది? నేనేం తాగాను, నాలుగే కదా అని నిజాయితీగా అనుకునేవాడు నిజాయితీగానే తప్పు లెక్క చెప్తున్నాడన్నమాట.

ఇక డయాగ్నసిస్. ఆల్కహాల్ యూజ్ డిజార్డర్ అని అంటారు. 2013లో వచ్చిన డీఎస్ఎమ్-5 అనే మానసిక వైద్యుల పుస్తకంలో 11 లక్షణాలుంటాయి, అనుకున్నదానికంటే ఎక్కువ తాగడం, తగ్గిద్దామన్నా తగ్గించలేకపోవడం, తాగాలని విపరీతంగా అనిపించడం, ఇలాంటివి. ఏడాదిలో రెండు మూడు కనిపిస్తే మైల్డ్, నాలుగైదు ఉంటే మోడరేట్, ఆరు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే సివియర్. ఈ మాట చెప్పడానికి పెద్ద సైకియాట్రిస్టే అవ్వాలని లేదు, లైసెన్సున్న క్లినికల్ సోషల్ వర్కర్ రాసినా క్లియరెన్స్ వాళ్ళకి చెల్లుతుంది.

డయాగ్నసిస్ వచ్చిందంటే అయిపోయినట్టేనా అంటే కాదు, కానీ ఆ రోజు నుంచి ఆట రూల్స్ మారిపోతాయి, దీన్నే నేను కొంచెం నింపాదిగా చెప్పాలనుకుంటున్నా.

ఒక మనిషిని ఊహించుకోండి. ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో ఉంటాడు, ముప్పై నాలుగేళ్ళు, సీక్రెట్ క్లియరెన్స్. శనివారం రాత్రి పార్టీ నుంచి వస్తూ రూట్ 50 మీద పోలీసులకి దొరికాడు, రక్తంలో ఆల్కహాల్ రీడింగ్ 0.11 శాతం. వర్జీనియాలో గీత 0.08. మొదటిసారి కాబట్టి జైలు తప్పింది, ఏడాది లైసెన్స్ సస్పెండ్, ఫైను, ఆఫీసుకి వెళ్ళిరావడానికి రెస్ట్రిక్టెడ్ లైసెన్స్, కారులో ఊదితేగానీ స్టార్ట్ కాని ఇంటర్‌లాక్ మిషను, పైగా వీఏఎస్ఏపీ అనే రాష్ట్ర ప్రోగ్రాంకి వెళ్ళమని ఆర్డరు. వాళ్ళు ఇతన్ని ఒక కౌన్సిలర్ దగ్గరికి పంపారు, ఆవిడ గంట మాట్లాడి కాగితం మీద మోడరేట్ అని రాసి, పూర్తిగా మానేయండి అని సలహా రాసింది. ఇతను వారాల తరబడి బుద్ధిగా క్లాసులకి వెళ్ళాడు, సర్టిఫికెట్ తెచ్చుకున్నాడు, మిషను తీసేశారు, హమ్మయ్య అనుకున్నాడు. ఆరు నెలల తర్వాత సంక్రాంతి పార్టీలో ఒక బీరు తాగాడు. కారు తాళాలు భార్య దగ్గరే ఉన్నాయి. గొడవ లేదు, పోలీసు లేడు, చట్టప్రకారం తప్పు అసలే లేదు.

గైడ్‌లైన్ జీ ప్రకారం మాత్రం ఆ బీరు వేరే లెక్క. డయాగ్నసిస్ తర్వాత ట్రీట్‌మెంట్ సలహాకి విరుద్ధంగా తాగడం అని దానికి ప్రత్యేకంగా ఒక క్లాజే ఉంది. అదే పార్టీలో అతని పక్కన కూర్చుని మూడు బీర్లు తాగిన ఇంకో క్లియరెన్స్ ఉన్నవాడికి ఏ బాధా లేదు, ఎందుకంటే వాడికి ఎవరూ మానేయమని చెప్పలేదు. అన్యాయంలాగా ఉంటుంది గానీ వాళ్ళ లాజిక్ ఒకసారి చూడండి, ఇక్కడ కొలుస్తున్నది బీరుని కాదు, నీకు మంచి చెప్పిన డాక్టర్ మాట నువ్వు విన్నావా లేదా అన్నది. చదివి సంతకం పెట్టిన రూల్‌ని ఎవరూ చూడనప్పుడు పాటిస్తావా అన్నదే కదా రహస్యాలు కాపాడే ఉద్యోగంలో మొత్తం సంగతి.

ఇందులో ఇంకో మెలిక ఉంది. చాలామందికి తమ డయాగ్నసిస్ ఏంటో తమకే తెలీదు. కోర్టు పంపితే వెళ్ళాం, ఏవో క్లాసులు విన్నాం, వచ్చాం, అంతే. ఆ ఫైల్లో ఏం రాసుందో ఏళ్ళ తర్వాత ప్రభుత్వం పంపిన నోటీసులో చదివి గుడ్లు తేలేసినవాళ్ళున్నారు. అందుకని ఎవరైనా ప్రోగ్రాం పూర్తి చేసి ఉంటే మీ రికార్డులు మీరు అడిగి తెచ్చుకుని చదువుకోండి, డయాగ్నసిస్ ఉందా, చివరి సలహా ఏంటి, పూర్తిగా మానేయమన్నారా తగ్గించమన్నారా. ఇప్పటి రూల్స్ ప్రకారం డాక్టర్ సలహా తగ్గించుకోమని అయితే తగ్గించుకుని తాగడం కూడా చెల్లుతుంది, ప్రతివాడూ జన్మలో ముట్టకూడదని ఏం లేదు. కానీ ఆ సలహా కాగితం మీద ఉండాలి, మీ నోటిమాట కాదు.

ఇప్పుడు ఫారం. ఎస్ఎఫ్-86లో మందు రెండు చోట్ల వస్తుంది. 22వ సెక్షన్ పోలీసు రికార్డు, 24వది నేరుగా మందు. 24లో మొదటి ప్రశ్న గత ఏడేళ్ళలో తాగుడు వల్ల నీ ఉద్యోగం మీద, మనుషులతో సంబంధాల మీద, డబ్బు మీద చెడు ప్రభావం పడిందా, పోలీసులు రావాల్సొచ్చిందా అని. ఏడేళ్ళే కదా అని మనం ఊపిరి తీసుకునేలోపు మిగతా ప్రశ్నలు ఎప్పుడైనా అని అడుగుతాయి. ఎప్పుడైనా ట్రీట్‌మెంట్ తీసుకోమని ఎవరైనా చెప్పారా, ఎప్పుడైనా నీ అంతట నువ్వు వెళ్ళావా. అలాగే 22లో మామూలు ట్రాఫిక్ ఫైన్లు 300 డాలర్ల లోపువి రాయక్కర్లేదు, కానీ మందు గానీ డ్రగ్స్ గానీ ఉన్న కేసు మాత్రం ఎప్పుడు పెట్టినా రాయాలి. పదిహేనేళ్ళ కింద మాస్టర్స్ చేసేటప్పుడు టెక్సాస్‌లో పట్టుకున్నదైనా సరే.

ఇక్కడే మన మూడో లాయరు గారు బోల్తా పడతారు. మేరీలాండ్‌లో ప్రొబేషన్ బిఫోర్ జడ్జిమెంట్ అని ఒకటిస్తారు, దాన్ని కన్విక్షన్‌గా లెక్కపెట్టరు. కాలిఫోర్నియాలో బేరమాడి డీయూఐని వెట్ రెక్‌లెస్‌కి, అంటే మందు ఉన్న నిర్లక్ష్యపు డ్రైవింగ్ అనే చిన్న కేసుకి, దించుకుంటారు. ఇంకొన్ని చోట్ల రికార్డు సీల్ చేసేస్తారు. లాయర్ మూడువేల డాలర్లు తీసుకుని ఇంక నీ రికార్డు క్లీన్ అని చెప్తాడు, ప్రైవేట్ ఉద్యోగానికి అది నిజం కూడా అవ్వొచ్చు. కానీ ఫారం అడిగేది కన్విక్ట్ అయ్యావా అని కాదు, నీ మీద ఛార్జ్ పెట్టారా అని. సీల్ చేసినా, కొట్టేసినా రాయాలని ఫారంలోనే ఉంది. ఎఫ్‌బీఐ దగ్గర నీ వేలిముద్రలతో పాటు ఆ అరెస్టు ఎలాగూ ఉంటుంది, వాళ్ళకి ముందే తెలిసినదాన్ని నువ్వు రాశావా లేదా అన్నదొక్కటే పరీక్ష.

రాయకపోతే? అప్పుడు కథ 'జీ' అక్షరం నుంచి 'ఈ' అక్షరానికి మారుతుంది, గైడ్‌లైన్ 'ఈ' అంటే పర్సనల్ కాండక్ట్, తెలుగులో చెప్పాలంటే అబద్ధం. ఎనిమిదేళ్ళ కిందటి ఒక్క డీయూఐ, ఆ తర్వాత ఏమీ లేదు అంటే చాలా సందర్భాల్లో అది పాత కథ, మళ్ళీ జరిగే అవకాశం లేదు అని వదిలేసే రకం. అదే డీయూఐని దాచితే ఆ దాచడం నిన్నగాక మొన్న జరిగినట్టు, దానికి కాలం మాఫీ చేయడానికేం లేదు, పైగా ఫెడరల్ ఫారంలో తెలిసి అబద్ధం చెప్పడం ఐదేళ్ళ దాకా జైలు పడే నేరం. గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చుకోవడం అంటే ఇదే.

ఆ రెండో సలహా, కౌన్సిలర్ దగ్గరికి వెళ్ళకు అన్నది, ఎందుకు విషమో ఇప్పుడు చెప్తా. నిజమే, వెళ్తే ఫారంలో రాయాలి, అందులో అబద్ధం లేదు. కానీ రూల్‌బుక్‌లో జీ కింద తప్పులెన్నే క్లాజుల వెంటనే ఆ తప్పుల్ని కడిగేసే క్లాజులు నాలుగుంటాయి. ఒకటి కాలం గడవడం, లేదా ఎప్పుడో ఒకసారి ఏదో ప్రత్యేక పరిస్థితిలో జరగడం. మిగతా మూడూ చూడండి, సమస్య ఉందని ఒప్పుకుని దాని కోసం ఏం చేశావో సాక్ష్యం చూపించడం, ట్రీట్‌మెంట్‌లో ఉండి మెరుగవుతూ ఉండడం, ట్రీట్‌మెంట్ పూర్తిచేసి సలహా ప్రకారం బతకడం. అంటే బయటపడే నాలుగు తలుపుల్లో మూడు కౌన్సిలర్ గది వైపే తెరుచుకుంటాయి. ఆ గదికే వెళ్ళొద్దంటే మనిషిని మిగిలిన ఒక్క తలుపు ముందు కాలం ఎప్పుడు గడుస్తుందా అని కూర్చోబెట్టినట్టు, ఈలోపు వాడు మళ్ళీ తాగి బండి తీస్తే ఆ తలుపూ మూసుకుంటుంది.

ఎంతకాలం మానేస్తే చాలు అని అందరూ అడుగుతారు. ఏడాది అని నెట్‌లో ఒక లెక్క తిరుగుతూ ఉంటుంది గానీ రూల్‌లో అలాంటి అంకె ఏదీ లేదు, కేసుని బట్టి. నేను చదివిన తీర్పుల్లో జడ్జిలు చూసేది మానేసిన రోజుల సంఖ్య కంటే మానేసిన తేదీ. డీయూఐ అయిన వారంలోనే మొదలైందా, లేక ప్రభుత్వం నోటీసు గుమ్మంలో పడ్డ మర్నాటి నుంచా? రెండోదైతే ఉద్యోగం కోసం మానేశాడా, నిజంగా మారాడా అన్న డౌటు వస్తుంది, డౌటు వస్తే ఎవరి వైపు పోతుందో పైన చెప్పా కదా. ఇకమీదట ముట్టనండీ, మా అమ్మ మీద ఒట్టు అన్నదానికి విలువ చాలా తక్కువ. దానికంటే ఆల్కహాలిక్స్ అనానిమస్ అని తాగుడు మానేసేవాళ్ళు పెట్టుకునే మీటింగుల్లో సంతకాలు పెట్టించుకున్న కాగితం, కౌన్సిలర్ ఇచ్చిన లెటర్, పెత్ అనే రక్తపరీక్ష రిపోర్టులు ఎక్కువ మాట్లాడతాయి. ఆ పెత్ టెస్టు గత రెండు మూడు వారాల్లో తాగింది పట్టేస్తుంది, నెలనెలా చేయించుకుని ఫైలు చేసుకున్నవాళ్ళ మాట గట్టిగా నిలబడుతుంది.

నోటీసు ఎలా వస్తుందో కూడా చెప్పాలి. ఇదివరకు సీక్రెట్ అయితే పదేళ్ళకి, టాప్ సీక్రెట్ అయితే ఐదేళ్ళకి మళ్ళీ విచారణ చేసేవాళ్ళు, మధ్యలో ఏం జరిగినా దాగిపోయేది. ఇప్పుడు కంటిన్యువస్ వెట్టింగ్ వచ్చాక పోలీసు రికార్డులు, అప్పుల రికార్డులు కంప్యూటర్ చూస్తూనే ఉంటుంది, అరెస్టయితే అలర్ట్ వెళ్ళిపోతుంది. అలర్ట్ వెళ్ళేలోపు నువ్వే మీ కంపెనీ సెక్యూరిటీ ఆఫీసర్‌కి, అందరూ ఎఫ్ఎస్ఓ అంటారు, చెప్పేయాలి, అది రూలు కూడా. అరెస్టే కాదు, మందుకి ట్రీట్‌మెంట్ మొదలుపెట్టినా చెప్పాలి. పక్క సీటులో ఉన్నవాడు అతిగా తాగుతున్నాడని గమనిస్తే అది కూడా చెప్పాలని రూల్లో ఉంది, మనకిది కొంచెం మింగుడుపడదు గానీ ఏమ్స్ కథ వెనకాల ఉంది మరి.

సమస్య పెద్దదనుకుంటే స్టేట్‌మెంట్ ఆఫ్ రీజన్స్ అని ఉత్తరం వస్తుంది. నువ్వు ఫలానా రోజు ఫలానాది చేశావు అని నంబర్లేసి ఉంటాయి. కాంట్రాక్టర్లకి 20 రోజుల టైము, ఒక్కోదానికీ ఒప్పుకుంటున్నావా కాదంటున్నావా రాయాలి, హియరింగ్ కావాలా అని అడగాలి. డోహా అనే డిఫెన్స్ శాఖ ఆఫీసుంది, అక్కడి జడ్జి ముందు కూర్చుంటారు, ప్రభుత్వం వైపు ఒక లాయరు ఉంటాడు, మన వైపు లాయర్ని పెట్టుకోవచ్చు, పెట్టుకోకపోయినా నడుస్తుంది. ఓడితే అప్పీల్ ఉంది.

ఈ హియరింగ్‌లో మనవాళ్ళకి ఒక ప్రత్యేకమైన కష్టం వస్తుంది, అది ఏ రూల్‌బుక్‌లోనూ ఉండదు. సాక్షులు. ఇతను మారాడు అని చెప్పడానికి భార్య, బాసు, ఫ్రెండ్స్ వచ్చి మాట్లాడితే బలం. మన దగ్గర డీయూఐ అయిందంటే అత్తగారింట్లో తెలీదు, గుంటూరులో అమ్మానాన్నలకి తెలీదు, కొన్నిసార్లు భార్యకి కూడా కారు సర్వీసింగ్‌లో ఉందని చెప్తారు. ఎవరికీ చెప్పనివాడికి సాక్షి ఎవరొస్తారు? అంతకంటే పెద్ద ప్రమాదం, నీకు దాచుకోవాల్సిన రహస్యం ఉందంటే దాంతో నిన్ను బెదిరించొచ్చు అన్నది క్లియరెన్స్ ఇచ్చేవాళ్ళ పాత భయం. ఇంట్లో తెలిసిపోయిన డీయూఐతో ఎవడూ బెదిరించలేడు. పరువు కోసం దాచింది ఇక్కడ రెండు రకాలుగా ఎదురు తిరుగుతుంది.

సిటిజన్లు కానివాళ్ళు మాకేం అనుకోవద్దు, మీకు దెబ్బ ఇంకా ముందే తగులుతుంది. 2015 నుంచి డీయూఐలో అరెస్టయితే చాలు, కోర్టు తీర్పు రాకముందే స్టేట్ డిపార్ట్‌మెంట్ వీసా స్టాంపు రద్దు చేయొచ్చు, హెచ్-1బీ అయినా స్టూడెంట్ వీసా అయినా. అమెరికాలో ఉన్నంతకాలం స్టేటస్ పోదు గానీ చెల్లి పెళ్ళికని విజయవాడ వెళ్తే మళ్ళీ హైదరాబాద్ కాన్సులేట్‌లో మొదటినుంచి, మెడికల్ టెస్టులతో సహా. సిటిజన్‌షిప్ దగ్గర 2019లో అటార్నీ జనరల్ ఒక నిర్ణయం ఇచ్చాడు, లెక్కలోకి తీసుకునే కాలంలో రెండు డీయూఐ కన్విక్షన్లుంటే సత్ప్రవర్తన లేదనే ముందు అనుకుంటారు, కాదని నువ్వు నిరూపించుకోవాలి. సిటిజనే కాకపోతే క్లియరెన్స్ ఊసే లేదు.

గంజాయితో పోలిస్తే మందుకి చాలా నయం అనే చెప్పాలి. 2008 నాటి బాండ్ అమెండ్‌మెంట్ ప్రకారం ఇప్పుడు డ్రగ్స్ వాడుతున్నవాడికి క్లియరెన్స్ ఇవ్వడానికే వీల్లేదు, కొలరాడోలో షాపులో కొన్నా ఫెడరల్ చట్టంలో అది ఇంకా నేరమే. మందుకి అలాంటి గోడ లేదు, ఎంత ముదిరిన కేసైనా తిరిగొచ్చే దారి కాగితం మీద ఉంది.

మా కోక్ టిన్ను వాడి సంగతి చెప్పలేదు కదా. వాడికి డీయూఐ ఏం లేదు, నాలుగేళ్ళ కింద భార్య పోరు పడలేక ఒక థెరపిస్ట్ దగ్గరికి తాగుడు గురించి ఐదారు సార్లు వెళ్ళాడు, అది రాయాలా వద్దా అన్నదే ఆరోజు వాడి బెంగ. రాశాడు. టాప్ సీక్రెట్ కాబట్టి ఎలాగూ ఇంటర్వ్యూ ఉంటుంది, ఇన్వెస్టిగేటర్ ఒకావిడ వచ్చి రెండు గంటలు కూర్చుంది. థెరపీ గురించి ఐదు నిమిషాలు అడిగిందట, ఎందుకెళ్ళావు, ఏం చెప్పారు, ఇప్పుడెంత తాగుతున్నావు. వీడు నెలకి ఒకట్రెండు సార్లు, అప్పుడు కూడా రెండే లార్జ్‌లు అన్నాడు. లార్జ్ అంటే ఎంత అని అడిగింది. వీడు గాల్లో గ్లాసు పట్టుకున్నట్టు పట్టి వేళ్ళు పెట్టి చూపించి, మళ్ళీ కొంచెం ఆలోచించి ఇంకో వేలు కలిపాడట. ఆవిడ తలెత్తకుండా రాసుకుంది.